ఎర్ర తోకల లెక్క

మగ్గం మీది నిలువు నూలు, అంటే పడుగు, రెండుసార్లు. మొదటిసారి తెగిన పోగులు నాలుగు వందల పన్నెండు, రెండోసారి ఏడు వందల అరవై ఎనిమిది, రెండూ కలిపి పదకొండు వందల ఎనభై. నూలు చిలపలు ఆరు. చుట్టి బుట్టలో పెట్టిన కండెలు నలభై మూడు. గోనె సంచులు రెండు, వాటి చిల్లుల్లోంచి కారిపోయిన బియ్యం నాలుగు పడులు. మా అత్త పెళ్లినాటి పట్టుచీర కొంగులో జానెడు. మా మామ చెప్పుల్లో కుడికాలిది. రేషన్ కార్డులో కొత్తగా నా పేరు రాయించిన మూల, అదీ పేరున్నంత మేరకే. నేను నగరికి కోడలిగా వచ్చిన మొదటి పది నెలల్లో ఎలుకలు మా ఇంట్లో పాడుచేసినవి ఇవి. ఆ పేరు మళ్లీ రాయించుకోవడానికి ఆఫీసు చుట్టూ అయిదుసార్లు తిరిగాను. ఆ తిరుగుడు ఈ లెక్కలో కలపలేదు.

పోయిన నెల తిరుపతిలో మా ఫ్లాటుకు పురుగుల మందు కొట్టే అబ్బాయి ఒకడు వచ్చాడు. వంటగట్టు కింద ఎలుక తిరుగుతోందని నేనే పిలిపించాను. "ఎన్ని ఉంటాయి మేడం?" అని అలవాటుగా అడిగాడు. "రెండు. ఒకటి పెద్దది, ఒకటి ఇంకా పిల్ల" అన్నాను. నవ్వాడు. ముందురోజు పడుకోబోయే ముందు నేలమీద గోధుమపిండి పలచగా చల్లి, తెల్లారి అడుగులు చూశానని చెబితే నవ్వు మానేసి గట్టు కిందికి వంగి చూశాడు. పని అయ్యాక ఆరు నెలలు గ్యారంటీ అన్నాడు, ఇక ఈ ఇంట్లోకి రావన్నాడు. "ఈ ఇంట్లోకి రాకుంటే ఎక్కడికి పోతాయి నాయనా?" అని అడిగాను. "ఎక్కడికో పోతాయి మేడం, మనకెందుకు?" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టలేను. అతని వయసులో నేనూ అట్లాగే అనుకున్నాను, పైగా అది లెక్కగట్టి మరీ అనుకున్నాను.

నేను చదివింది ఆరో తరగతి. లెక్కలు బడిలో వచ్చినవి కావు, మా నాయన మగ్గం దగ్గర వచ్చినవి. పడుగులో నూట ఇరవై పోగులు ఒక పుంజం. ఇరవై ఆరు పుంజాల చీర అంటే మూడు వేల నూట ఇరవై పోగులు. ఒక పోగు తక్కువైతే బట్టలో గీత పడుతుంది, ఆ గీత కొనేవాడి కంటికి అందరికంటే ముందు కనబడుతుంది. అందుకని చిన్నప్పటినుంచీ కనబడినదాన్నల్లా లెక్కబెట్టడం అలవాటైంది. బస్సులో కిటికీలు, మెట్లు, సాంబారులో ములక్కాడ ముక్కలు. నగరిలో మా అత్త నాకు మేనత్తే కాబట్టి ఈ సంగతి ఆమెకు ముందే తెలుసు. కాపురానికి వచ్చిన మూడోరోజే వీధిలో అందరికీ వినబడేట్టు అన్నది: "మా ఇంటికి కోడలు రాలేదు మే, కొలత టేపు వచ్చినాది."

ఆ ఇల్లు రెండు గదులు, నడిమి సాల. సాలలో నేలను తవ్వి దించిన గుంట మగ్గం, గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా మా మామ. ఆయన మాట్లాడడం నేను చాలా తక్కువ విన్నాను, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె చప్పుడే ఆయన మాట. మా ఆయన పవర్లూము షెడ్డుకు పోయేవాడు. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం, గంజి కాచడం, పురుగుల్ని చూసుకోవడం ఆడవాళ్ల పని. పురుగుల్ని చూసుకోవడం అని ఎందుకు అంటున్నానంటే, నేతవాళ్ల ఇంట్లో అది వంట లాగా రోజూ ఉండే పని. పడుగు పోగులు గట్టిపడడానికి నూకల గంజి పట్టిస్తాం. ఆ గంజి వాసన ఇల్లంతా, కొంచెం పులుపుగా, కొంచెం తియ్యగా, గోడల్లో కూడా ఇంకిపోయి ఉండేది. మనిషికి అది అలవాటైపోతుంది. పురుగుకు మాత్రం ఆ వాసన ఎప్పటికీ పిలుపే.

మా అత్తకు ఒక్కో జీవికి ఒక్కో పద్ధతి. బియ్యంలో ముక్కుపురుగుకు నీడలో ఎండబెట్టిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు; ఎండలో ఎండిన వేపాకు వేస్తే ఒప్పుకునేది కాదు, చేదు చచ్చిపోతుందనేది. మగ్గం మీద కూర్చునే పలకలో నల్లులకు సలసల కాగిన నీళ్లు, ఆదివారం విడిచి ఆదివారం. గంజి కుండ వెనక బొద్దింకలకు బోరిక్ పొడి, చక్కెర, మైదా కలిపిన ఉండలు, గోరంతవి. మగ్గం గుంజలకు చెద పట్టకుండా మెకానిక్ షాపు నుంచి తెచ్చిన నల్లటి వాడేసిన ఆయిలు. చీర మడతల్లో తిరిగే వెండిరంగు పురుగులకు వసకొమ్ము. చీమలకు పసుపు గీత. శుక్రవారం సాయంత్రం నిప్పుల మీద వేపాకూ సాంబ్రాణీ వేసి, ఆ పొగ మగ్గం గుంటలోకి కూడా పోయేట్టు చేటతో విసిరేది. ఇవన్నీ నేను ఇప్పటికీ చేస్తాను, ఇవన్నీ పనిచేస్తాయి. వసకొమ్ము ఏడాదికి ఒకసారి మార్చాలి, బోరిక్ ఉండలు పదిహేను రోజులకు ఒకసారి. ఈ రెండు గడువులు మాత్రం నేను పెట్టినవి, అత్తవి కావు.

ఎలుకల దగ్గర మాత్రం ఆమె పద్ధతి వేరు. మందు పెట్టనిచ్చేది కాదు. "వినాయక సామి బండి అది. బండికి మందు పెడితే సామి యాడ కూసుంటాడు?" అనేది. దానికి తోడు ఇంకో కారణం ఉంది, అది భక్తికి సంబంధించింది కాదు: మందు తిన్న ఎలుక మగ్గం గుంట పక్కన కన్నంలో చచ్చిందంటే, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని పదిరోజులు ఎవరూ కూర్చోలేరు. పదిరోజులంటే దాదాపు రెండు చీరలు. అందుకే ఆ వీధిలో అందరిదీ ఒకటే ఆచారం. చెక్క బోనులో కొబ్బరిముక్క పెట్టి పట్టడం, తెల్లారగానే, ముగ్గు వేయకముందే, వాగు దాటించి వదిలిపెట్టడం. వదిలేటప్పుడు మా అత్త బోను ముందు కూర్చుని చుట్టాన్ని సాగనంపినట్టు చెప్పేది: "పో సామీ, యాడన్నా బతుకు. మా పడుగు జోలికి మాత్రం రాబాక." ఎలుక ఆ మాట పూర్తిగా వినేది కాదు.

రెండో పడుగు తెగినప్పుడు నూలు ఇచ్చే షావుకారు మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ మనిషిని పంపేవాడు, ఆరోజు తానే వచ్చాడు. మగ్గం వెనక చుట్టి పెట్టిన పడుగును వేళ్లతో విప్పి చూశాడు. పొరలు పొరలుగా కొరికేసి ఉంది, చిరిగిన చాపలాగా. మా మామ గుంటలోంచి లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనా, నీ చెయ్యి మంచిదని నేను ఇన్నాళ్లూ ఓర్చుకున్నా. ఇంకొక్క పడుగు ఇస్తా. ఎనిమిది చీరలు. ఈసారి కూడా ఎలకల పాలైనాదంటే నా నూలు ఈ ఇంటికి రాదు. షెడ్డులో పనుండాది, కొడుకుతో పాటు వచ్చేయి."

మా మామకు అప్పటికి అరవై దాటాయి. మోకాళ్లు గుంటలో వంగి వంగి మళ్లీ పూర్తిగా సాగనివి. షెడ్డులో పని అంటే పది గంటలు నిలబడడం. ఆయన "సరేప్పా" అని మాత్రం అన్నాడు. షావుకారు పోయాక మా అత్త నా వైపు చూసింది. "ఏమ్మే, లెక్కలు లెక్కలంటావు గదా. ఈ ఎలకలు ఎన్నుండాయో సెప్పు సూస్తాం."

ఆ మాటను ఆమె ఎత్తిపొడుపుగా అన్నది. నేను పనిగా తీసుకున్నాను.

నాకు చాలా రోజులుగా ఒక అనుమానం ఉంది. మేము వదిలినవే తిరిగి వస్తున్నాయేమో, ఒకే ఎలుకను పదిసార్లు సాగనంపుతున్నామేమో అని. ఇంటి గడప నుంచి వదిలే చోటుకు అడుగులు లెక్కబెట్టాను: ఆరు వందల నలభై. ఎలుక తిరిగి రాలేనంత దూరమా, కాదా? అది తేలాలంటే గుర్తు పెట్టాలి. మా ఇంట్లో గుర్తుకు కొదవేముంది, చీర అంచు నూలుకు అద్దే ఎర్ర రంగు డబ్బా నిండా ఉంది. షావుకారు వచ్చిపోయాక నాలుగో ఎలుక పడినరోజు బోను చువ్వల మధ్యనుంచి బయటికి వచ్చిన తోకకు, పుల్లకు గుడ్డపేలిక చుట్టి, రంగు పూశాను.

అత్త చూసి చేట కింద పడేసింది. "ఏంది మే అది? సామి బండికి రంగేస్తావా?"

"బొట్టు పెట్టినా అనుకో అత్తా."

"తోకకా బొట్టు!" అన్నది. తర్వాత నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఆ మరుసటి రోజునుంచి పేలిక ఆమే చుట్టి సిద్ధంగా ఉంచేది.

ఇరవై నాలుగు రోజుల్లో పదిహేడు ఎలుకలు పడ్డాయి. మొదటి మూడింటికి గుర్తు లేదు, తక్కిన పద్నాలుగూ ఎర్ర తోకలు. గోడమీద బొగ్గుతో ఒక్కోదానికి ఒక్కో గీత గీసి, ఎర్ర తోకల గీతల కింద ఎర్ర చుక్క పెట్టాను. మొదటి వారం ఏడు, రెండో వారం ఆరు, మూడో వారం మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత కొబ్బరిముక్క ఎండిపోయేదాకా బోను ఖాళీ. ఎర్ర తోక ఒక్కటి కూడా తిరిగి రాలేదు. లెక్క అంత శుభ్రంగా రావడం నేను అంతకుముందు చూడలేదు. మా మామ ఎనిమిది చీరలూ ఒక్క అతుకు లేకుండా దించాడు. షావుకారు అంచులు తిప్పి తిప్పి చూసి, మరుసటి వారం రెండు పడుగులకు నూలు పంపించాడు. వీధిలో ఆడవాళ్లు మా గోడమీది గీతలు చూడడానికి వచ్చారు. మా అత్త వాళ్లకు నా పద్ధతిని తన పద్ధతిగా చెప్పింది. నేను కాదనలేదు.

దేశమ్మక్క వచ్చింది ఆ తర్వాతే. వాగు అవతల చివరి ఇల్లు ఆమెది. మొగుడు లారీ మీద తమిళనాడు వైపు పోతే నెలకొకసారి వచ్చేవాడు, మగ్గం ఆమే నేసేది. ఆ చుట్టుపక్కల మగ్గం మీద కూర్చునే ఆడమనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. ఆరోజు పొద్దున మా గడప ముందు బోను దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమమ్మా, ఈ బొట్టు మీ ఇంటిదేనా?"

బోనులో ఎలుక. తోక ఎర్రగా ఉంది, కొసన కొంచెం వెలిసింది.

అత్త నా వైపు చూసింది. నేను ఎలుక వైపు చూశాను. దేశమ్మక్క నిదానంగా చెప్పుకుపోయింది, గొంతు పెంచకుండానే. "ఇది తొమ్మిదోది. మొదట్లో నా కండ్లే చెడినాయనుకున్నా. తర్వాత రోజుకొకటి. ఎలక్కి కూడా పెండ్లి సేసి పంపించే ఇల్లు యాడుందబ్బా అని అడిగితే, మీ ఇంటి గోడమీద లెక్క ఉండాదని సెప్పినారు. సూసి పోదామని వచ్చినా."

ఆమె లోపలికి వచ్చి గోడమీది ఎర్ర చుక్కలు వేలుతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కబెట్టింది. "పద్నాలుగు. నా దగ్గర తొమ్మిది. తక్కిన అయిదు యాడుండాయో మరి."

నేను ఆమె వెంట వాళ్లింటికి పోయాను. పోతూ అడుగులు లెక్కబెట్టాను. మేము ఎలుకలు వదిలే చోటునుంచి ఆమె పెరటి గోడకు రెండు వందల పది. మా గడపనుంచి ఆరు వందల నలభై అని అంత శ్రద్ధగా లెక్కవేసినదాన్ని, అవతలి వైపు అడుగు వేసి చూడలేదు. ఆమె పడుగు మా రెండో పడుగు కంటే ఘోరంగా ఉంది. ఇద్దరం నేలమీద కూర్చుని తెగిన పోగులు లెక్కపెట్టాం. పదిహేను వందల అరవై.

"దీంట్లో నాలుగు నూర్ల ఇరవై నావి" అన్నది దేశమ్మక్క. "మీ ఎర్ర తోకలు రాకముందే మా ఇంటివి కొట్టినాయి. అప్పుడే లెక్క పెట్టుకున్నా. అవి నేను అతుక్కుంటా. తక్కినవి సెప్పు, నీకు లెక్క వచ్చు గదా."

"పదకొండు వందల నలభై."

"అవి నీవి."

అంతకంటే న్యాయమైన పంపకం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇంట్లో పని ముగించుకుని, రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటన్నర ఆమె ఇంటికి పోయేదాన్ని. వేళ్లకు బూడిద రాసుకుని, తెగిన పోగు కొసలు రెండూ వెదికి, మధ్యలో కొత్త నూలు ముక్క పెట్టి రెండువైపులా మెలివేయాలి. మొదటిరోజు ముప్పై ఎనిమిది అతికాను. మెలికలు ఆమె వేలితో లాగి చూసి, ఊడినవి చూపించి, "మీ నాయన నేర్పిందేనా ఇది?" అన్నది. రెండోరోజునుంచి రోజుకు డెబ్బై తొమ్మిది, తక్కువ కాదు ఎక్కువ కాదు. చేతులు పనిలో ఉండగానే ఇద్దరం ఎలుకల సంగతి తేల్చాం. నేను అదివరకు ఎలుకల్ని లెక్కబెట్టాను గాని, అవి ఎందుకు వస్తున్నాయో లెక్కపెట్టలేదు. పెంటికలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే దారి తెలిసిపోయింది: కన్నం నుంచి గంజి కుండకు, గంజి కుండనుంచి పడుగుకు. మిగిలిన గంజిని రాత్రికి ఉంచకుండా పారబోయడం, కుండ కడిగి బోర్లించడం, కన్నాల్లో సున్నంతో పాటు పగిలిన గాజుపెంకులు కూరడం, చుట్టిన పడుగును దూలానికి వేలాడగట్టి, తాడుకు నడుమ టెంకాయ చిప్పను బోర్లా గుచ్చడం, చిప్ప మీదినుంచి ఎలుక జారిపడుతుంది. ఈ నాలుగు పనులు రెండిళ్లలోనూ చేశాం. ఎవర్నీ వాగు దాటించాల్సిన పని లేకుండా పోయింది. ఇది పనిచేస్తుందని ఎవరికైనా ధైర్యంగా చెబుతాను. ఒక నెల ముందు తెలిసి ఉంటే బాగుండేది.

పదకొండో రోజు అతకడం ముగించి లేస్తుంటే దేశమ్మక్క, షావుకారు మనిషి వచ్చి గడువు అడిగిపోయాడని చెప్పింది. మాకు నూలు ఇచ్చే షావుకారే ఆమెకూ. "ఎలకలు కొట్టినాయంటే నమ్మలేదు మే. ఆడమనిషి మగ్గం ఇట్లనే ఉంటాదన్నాడు." నేను ఇంటికి వచ్చి అత్తతో చెప్పాను, ఆ ఎలుకలు మావని షావుకారుతో నేను పోయి చెప్తానని. అత్త కండె చుట్టడం ఆపింది. "సెప్పు. సెప్పినాక మనకూ నూలు ఆపేస్తాడు. మీ మామను నువ్వే షెడ్డుకు తోడుకోని పో" అన్నది. సాలలో నాడె చప్పుడు ఆగింది. మా మామ విన్నాడు. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలైంది. నేను పోలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి షావుకారు మనుషులు పడుగు కోసి, మూటగట్టి, సైకిలు వెనక పెట్టుకుంటున్నారు. దేశమ్మక్క తన నాలుగు వందల ఇరవై ముందురోజే ముగించింది. నావే మిగిలాయి. ఆమె నన్ను చూసి చేతిలోని బూడిద దులుపుకుంది, "ఈరోజు వద్దులే మే" అని మాత్రం అన్నది. నెల తిరక్కముందే ఆమె మగ్గం గుంట మన్నుతో పూడ్చేసి, ఒక షెడ్డులో కండెలు చుట్టే పనికి కుదిరింది. తర్వాత వాళ్లు తిరుత్తణి వైపు వెళ్లిపోయారు. మా మామ మాత్రం ఇంకా ఆరేళ్లు తన గుంటలోనే కూర్చుని నేశాడు. ఆ ఆరేళ్ల బట్ట ఎవరి పడుగు మీద నిలబడిందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ వీధిలో గుంట మగ్గం ఒక్కటీ లేదు. పవర్లూము మోత మధ్య మనుషులు గట్టిగా మాట్లాడుకుంటారు, గంజి పట్టించిన పడుగు చుట్టలుగా బయటినుంచే వస్తుంది. అప్పుడు ఇంట్లో ఏ జీవి ఎక్కడ ఉందో, ఏ వాసనకు వచ్చిందో మాకు తెలిసేది. ఇప్పుడు ఫోన్ చేస్తే మనిషి వస్తాడు, వాసన లేని మందు పెడతాడు. సుఖమే. నేను ఆ రోజులు తిరిగి రావాలని కోరుకునే మనిషిని కాను, గంజి కాచిన చేతులకు ఆ కోరిక రాదు.

కొన్నేళ్ల కిందట పుత్తూరు బస్టాండులో నిమ్మకాయలు బేరం చేస్తుంటే వెనకనుంచి ఎవరో భుజం మీద తట్టారు. జుట్టు పూర్తిగా నెరిసింది గాని, నేను వెంటనే పోల్చుకున్నాను. దేశమ్మక్క తన కూతురు బిడ్డల సంగతి చెప్పింది, నా పిల్లల సంగతి అడిగింది. షావుకారు పోయినాడంట గదా అన్నది. ఆమె ఎక్కాల్సిన బస్సు కదలబోతుండగా అన్నాను, "అక్కా, ఆరోజు షావుకారు దగ్గరికి పోయి నేను సెప్పాల్సింది."

"సెప్పింటే నీ మగ్గం పోయేది. ఒకటి పోయేదానికి రెండు పోయేవి. నీకు లెక్క రాదా?" అన్నది. మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగింది. "అతుకులు ఎన్ని మిగిలినాయి మే?"

"మూడు వందల పన్నెండు."

"సరిగ్గానే పెట్టుకున్నావు" అన్నది. కండక్టరు విజిల్ వేశాడు. "ఉండనీలే. ఆరోజుకే వద్దన్నా, అసలుకే వద్దనలేదు గదా."

ఆమె వద్దనలేదు. అతకడానికి పడుగు లేదు, మగ్గం లేదు, ఇప్పుడామె తిరుత్తణిలో ఏ ఇంట్లో ఉందో కూడా నాకు తెలియదు. పదకొండు వందల నలభైలో నేను అతికినవి ఎనిమిది వందల ఇరవై ఎనిమిది. మూడు వందల పన్నెండు పోగులు ఆమెకు ఇంకా బాకీ ఉన్నాను.